రాట్నం దగ్గర కూర్చునే అమ్మ నడుముకు నేల మీద చేసే కదలికలు పనికొస్తాయా?

పొందూరులో ఖాదీ నూలు వడికే అమ్మకు సాయంత్రానికి నడుము పట్టేస్తోందని, నూలు లాగే చేతివైపు భుజం బరువెక్కుతోందని రాశారు. ఫెల్డెన్‌క్రైస్ పద్ధతిలో నేల మీద మెల్లగా చేసే కదలికలు పనికొస్తాయా అని అడిగారు. ఈ కదలికలు నొప్పిని మాయం చేస్తాయని చెప్పను. కానీ తాను ఎక్కడ బిగబట్టి కూర్చుంటోందో ఆమెకే తెలిసేలా చేస్తాయి. నా దృష్టిలో అదే పెద్ద సాయం.

చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించమనండి. కటి (తుంటి ఎముకల భాగం) కింద ఒక గడియారం ఉందనుకోవాలి. 12 నడుము వైపు, 6 తోక ఎముక వైపు. బరువును మెల్లగా 12 మీదకు దొర్లిస్తే నడుము నేలకు ఆనుతుంది, 6 మీదకు తెస్తే నడుము కింద కొంచెం ఖాళీ వస్తుంది. తర్వాత 3, 9. చివరికి ఒక్కో అంకె మీదుగా చుట్టూ. ఎక్కడో ఒకచోట కదలిక గెంతుతుంది. అక్కడ బలం పెట్టకుండా ఇంకా చిన్నగా చేయాలి. బస్తా మోస్తున్నవాడికి పైన గుప్పెడు బియ్యం వేస్తే తెలియదు, ఖాళీ చేతికి తెలుస్తుంది. ఇదీ అంతే, బలం తగ్గితేనే చిన్న తేడా తెలుస్తుంది.

మోకాలి గాయంతో బాధపడి ఈ ఆలోచనను ఒక పద్ధతిగా మలిచిన మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) భౌతికశాస్త్రం చదివిన జూడో ఆటగాడు.

భుజానికైతే పక్కకు తిరిగి పడుకుని, పై భుజాన్ని ముందుకీ వెనక్కీ జరపాలి. పక్కటెముకలు, కటి కూడా వెంట వస్తున్నాయా అని గమనించమనండి. మధ్యమధ్య ఆగి విశ్రాంతి తీసుకోవాలి.

కాలులోకి పాకే నొప్పి, తిమ్మిరి ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.