కల రాస్తే ఖళ అయింది: బ్రెయిలీ మీద మీ ప్రశ్నలు

గ్లకోమాతో చూపు పోయాక ముప్పై ఎనిమిదో ఏట బ్రెయిలీ మొదలుపెట్టిన సంగతి పోయిన నెల ఇదే పేజీలో నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు కొన్ని మా అబ్బాయి చదివి వినిపించాడు, కొన్ని ఫోను చదివింది. ఒకటి మాత్రం బ్రెయిలీలోనే వచ్చింది, దాన్ని తలుపేసుకుని నేనే చదువుకున్నాను. అందరికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకుంటున్నాను.

అక్కా, నాకు 44 ఏళ్లు. చీరాలలో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడతాను. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. చీకటి పడితే ఏమీ కనపడదు, పగలు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనిపిస్తుంది. డాక్టరు గారు బ్రెయిలీ నేర్చుకోమంటున్నారు. మా అమ్మాయేమో ఫోనే అన్నీ చదివి పెడుతుంటే ఇప్పుడు ఆ చుక్కలెందుకమ్మా అంటోంది. నేను చదివింది ఏడో తరగతి. ఈ వయసులో వస్తుందంటారా?

వస్తుందమ్మా. ఏడో తరగతి చాలు, అ ఆలు, గుణింతం వచ్చినవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది అక్షరాల ఆకారమే. వయసంటారా, డెహ్రాడూన్‌లో ఇప్పుడున్న, చూపులేనివాళ్ల కోసం పనిచేసే మన జాతీయ సంస్థకి మూలం 1943లో అక్కడ పెట్టిన ఒక హాస్టల్, రెండో ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికుల కోసం పెట్టినది. అక్కడ చేరినవాళ్లు తుపాకీ పట్టిన మనుషులే గానీ చిన్నపిల్లలు కాదు.

మీ అమ్మాయి మాట సగం నిజం. నేనూ రోజంతా ఫోను వింటూనే ఉంటాను, నవల వినాలంటే దాన్ని మించింది లేదు. కానీ మీ పని సంగతి ఆలోచించండి. ఒకావిడ వచ్చి నిలబడింది, టేపు పెట్టి ఛాతీ, నడుము, చేతి పొడవు చూశారు, ఆ అంకెలు ఎక్కడ పెడతారు? అట్టముక్క మీద నాలుగు పోట్లు పొడిచి, ఆవిడ గుడ్డకే పిన్నుతో గుచ్చేస్తే, వారం తర్వాత కత్తెర పట్టుకున్నప్పుడు వేలు పెట్టి చూసుకుంటారు. ఫోను తెరిచి, అది మాట్లాడేదాకా ఆగి, పక్కింటి టీవీ మోతలో సరిగ్గా వినపడక ఇంకోసారి నొక్కి, అదంతా ఎందుకు? టేపుకి అంగుళం అంగుళానికి ఒక స్టేపుల్ పిన్ను కొట్టించుకోండి, కొలత కూడా మీరే తీసుకోవచ్చు. అట్టకి పాత శుభలేఖలు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ఇక అక్షరం ఎలా ఉంటుందంటే, ఆరు గుడ్లు పట్టే అట్టపెట్టెను నిలువుగా పెట్టుకోండి. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3, కుడివైపు 4, 5, 6. ఏ గుంటలో గుడ్డు ఉంది, ఏది ఖాళీ, అంతే లెక్క. ఒక్క 1 ఉంటే అ. 1, 3 ఉంటే క. గుడి, కొమ్ము, దీర్ఘం అని వేరే గుర్తులు లేవు, హల్లు పక్కన అచ్చు పెట్టేయడమే. కి అంటే క, దాని పక్కన ఇ. ఒత్తులు అసలే లేవు. ఒత్తు కావాల్సిన చోట ముందుగా పొల్లు గుర్తు, అంటే ఒక్క నాలుగో చుక్క, పెట్టి తర్వాత హల్లులు వరసగా రాస్తాం. అమ్మ అని రాయాలంటే అ, పొల్లు, మ, మ. మామూలు రాతలో పొల్లు అక్షరానికి తగిలించి రాస్తాం, ఇక్కడ ముందే వచ్చి కూర్చుంటుంది. మొదట్లో ఇదే తికమక పెడుతుంది, పది మాటలు రాస్తే అలవాటైపోతుంది.

అంకెలు మీకు ముందు కావాలి కాబట్టి చెబుతున్నాను. 3, 4, 5, 6 చుక్కలున్న గుర్తు ముందు పెడితే ఆ తర్వాత వచ్చేవి అంకెలు. అ ఒకటి, బ రెండు, చ మూడు, ద నాలుగు. 34 అంటే అంకెల గుర్తు, చ, ద. తమాషా ఏమిటంటే ణ కూడా అదే 3, 4, 5, 6. ణ తో మొదలయ్యే మాట తెలుగులో మనకెక్కడ తగులుతుంది కనుక, ఇబ్బంది రాదు.

దయచేసి పుస్తకంతో మొదలుపెట్టకండి. నేను వెళ్లిన ఒక కేంద్రంలో మొదటి రోజే ఒకటో తరగతి వాచకం చేతికిచ్చారు. పదిహేనేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పలక, బలపం అని వేలితో తడుముకుంటూ కూర్చుంటే ఏడుపొచ్చింది, వారానికే మానేశాను. మళ్లీ మొదలుపెట్టింది రెండేళ్ల తర్వాత. ఉదయం వేసుకునే చుక్కల మందు, రాత్రి వేసుకునేది, రెండూ ఒకే సైజు సీసాలు. ఒక రోజు తారుమారయ్యాయి, ఇంట్లో ఎవరూ లేరు, ఏది ఏదో తెలియక రెండు సీసాలూ ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ రాత్రే ఒకదాని మీద ఉ, ఇంకోదాని మీద రా అని అంటించాను. నేను అవసరానికి చదువుకున్న మొదటి అక్షరాలు అవే. మీరు కూడా మీ కొలతల చీటీలు, దారపు ఉండల రంగులు, వంటింటి డబ్బాలు, వీటితో మొదలుపెట్టండి. పుస్తకం తర్వాత దానంతటదే వస్తుంది.

చదివేటప్పుడు వేలి చివర కాదు, చూపుడు వేలి మెత్తటి భాగం ఆనించండి (సూదిపోట్లకి మీ వేలికొస గట్టిపడి ఉంటుంది, దాని గురించి టెన్షన్ వద్దు). నొక్కద్దు. అందరూ చేసే తప్పు ఇదే, తెలియకపోతే ఇంకా గట్టిగా నొక్కుతారు, పైకీ కిందికీ రుద్దుతారు. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు, రుద్దితే అది అణిగిపోతుంది, వేలు మొద్దుబారుతుంది. ఇస్త్రీ చేసిన పట్టుచీర మీద మడత చూసుకున్నట్టు ఎడమ నుంచి కుడికి తేలిగ్గా జరపాలి. పూటకి ఇరవై నిమిషాలు చాలు, రోజుకి రెండు పూటలు. నాకు అక్షరాలన్నీ గుర్తుపట్టడానికి మూడు నెలలు పట్టింది, ఒక పేజీ విసుగు లేకుండా చదవడానికి ఏడాది దాటింది. ద, హ, జ మూడూ మూడేసి చుక్కల మూలలు, పై నాలుగు చుక్కల్లో ఏది లేదన్నదే తేడా. జయ అని ఉంటే దయ అని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఇంకొక్క మాట. ఇంకా కాస్త చూపు ఉంది కాబట్టి మీరు కళ్లతో దొంగచూపులు చూస్తారు, ఖాయం. చేతుల మీద తువ్వాలు కప్పుకుని చదవండి. చూపున్నప్పుడే మొదలుపెట్టడం మంచిది, మిషనూ ఇల్లూ మీకు తెలిసినట్టు ఉండగానే వేలికి అలవాటవుతుంది. నేర్పేవాళ్ల కోసం హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని పునరావాస విభాగాన్ని గానీ, డెహ్రాడూన్ సంస్థకి సికింద్రాబాద్‌లో ఉన్న కేంద్రాన్ని గానీ అడగండి.

నమస్కారం అమ్మా. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను, వరంగల్. ఇరవై ఏళ్ల షుగరు, దానివల్లే చూపు పోయింది. బ్రెయిలీ పట్టుకుంటే చుక్కలు ఇసక పోసినట్టు అనిపిస్తున్నాయి, విడిగా తెలియడం లేదు. మానేయమంటారా?

ఇసక పోసినట్టు మొదటి నెల అందరికీ అనిపిస్తుందండీ, షుగరు లేనివాళ్లకి కూడా. కాబట్టి దాన్నిబట్టి తీర్మానం చేయకండి. అయితే షుగరు నరాల మీద పనిచేసి స్పర్శ తగ్గించే మాట నిజమే, సాధారణంగా ముందు పాదాల్లో, తర్వాత చేతుల్లో. డాక్టరుకి ఒకసారి చేతివేళ్లు చూపించండి. ఎడమచేతి చూపుడు వేలు, మధ్యవేలు, అన్నీ వేసి చూడండి, ఒకటి కాకపోతే ఒకటి పలుకుతుంది. చుక్కలు దూరం దూరంగా, పెద్దగా ఉండే జంబో బ్రెయిలీ అని ఉంది, దానితో మొదలుపెట్టొచ్చు.

మీరు ఇంట్లో షుగరు చూసుకోవడానికి ఏ వేలికి గుచ్చుకుంటున్నారు? చూపుడు వేలికే అయితే ఇవాళే మానండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, అదీ పక్క భాగంలో గుచ్చుకోండి. చదివే వేళ్లని కాపాడుకోవాలి.

అన్నీ చేసినా తెలియకపోతే బలవంతం పెట్టుకోకండి. వినడం ఉంది. పొద్దుటి మాత్రల డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి దానికి రెండు. అది బ్రెయిలీ కాదు గానీ పని నడుస్తుంది.

మేడమ్, మా ఆవిడ రెండేళ్ల నుంచి బ్రెయిలీ నేర్చుకుంటోంది. తనకి చీటీలు రాసిపెట్టాలని నేనూ కాగితం బిగించే గళ్ల బ్రెయిలీ పలక, చుక్కలు పొడిచే స్టైలస్ కొన్నాను. నాకు చూపు బాగానే ఉంది. కల అని రాస్తే ఆవిడ ఖళ అని చదివి ఒకటే నవ్వు. కుడి నుంచి ఎడమకే రాశాను మరి. తప్పెక్కడ?

మీ ఉత్తరం విని నేనూ నవ్వానండీ, ఏమనుకోకండి. పలక మీద రాసేటప్పుడు కాగితం వెనక నుంచి పొడుస్తాం, తిప్పితే చుక్కలు ఇవతలికి ఉబికి ఉంటాయి. అందుకే కుడి నుంచి మొదలుపెట్టాలి, అది మీకు తెలుసు. కానీ వరసని తిప్పారు, అక్షరాన్ని తిప్పలేదు. అద్దంలో చూసినట్టు ప్రతి అక్షరమూ తిరగబడాలి. క అంటే 1, 3. మీరు గడిలో ఎడమవైపే పొడిచారు, కాగితం తిప్పేసరికి అవి 4, 6 అయి కూర్చున్నాయి, అది ఖ. ల అంటే 1, 2, 3, తిరగబడితే 4, 5, 6, అది ళ. అలాగే బ రాయబోతే భ అవుతుంది, ర రాయబోతే ఠ, ఇ రాయబోతే ఏ. చ, గ మాత్రం ఎటు తిప్పినా అవే, వాటితో ఎవరికీ పేచీ లేదు.

కుడి ఎడమ అని ఆలోచించడం మానేయండి. మీరు వెళ్తున్న దారిలో ముందు తగిలే నిలువు గీత 1, 2, 3, తర్వాత తగిలేది 4, 5, 6. చదివేటప్పుడైనా రాసేటప్పుడైనా ఇదే సూత్రం, వారంలో చెయ్యి అలవాటు పడుతుంది. మీకు వేళ్లతో చదవడం అక్కర్లేదు, కళ్లతో నేర్చుకోండి, నెలలో వచ్చేస్తుంది. పెర్కిన్స్ బ్రెయిలర్ అని ఆరు మీటల మిషను ఒకటుంది, దానిమీద ఈ తిప్పుడు బాధ లేదు, ఎడమ నుంచి కుడికే వస్తుంది, కానీ బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. సరుకుల చీటీకి పలక చాలు. కాగితం మందంగా ఉండాలి, పాత క్యాలెండరు షీట్లు దాచుకోండి. అన్నట్టు, ఆవిడ నవ్వుతున్నారంటే బాగా చదువుతున్నారన్నమాట, క కి ఖ కి తేడా వేలితో పట్టడం చిన్న విషయం కాదు.

అక్కా, నాకు 23. డిగ్రీ అయ్యాక ప్రమాదంలో చూపు పోయింది. పోటీ పరీక్షలు రాయాలి. ముందు ఇంగ్లిష్ బ్రెయిలీనా, తెలుగా?

ముందు తెలుగే నేర్చుకో తమ్ముడూ, ఇంగ్లిష్ సగం ఉచితంగా వస్తుంది. మన భాషలన్నిటికీ కలిపి 1951లో ఖాయం చేసిన భారతి బ్రెయిలీలో శబ్దం ఒకటైతే గుర్తు ఒకటే పెట్టుకున్నారు. మన క ఇంగ్లిష్ కె, మన మ ఇంగ్లిష్ ఎమ్, ల, న, స, ప కూడా అంతే. హిందీ కూడా దాదాపు ఇదే. ఇంగ్లిష్‌లో మాటల్ని కుదించి రాసే రెండో గ్రేడు ఉంది, అది తర్వాత నెమ్మదిగా.

కానీ పరీక్ష ఈ ఏడాదే అయితే బ్రెయిలీ మీద ఆశ పెట్టుకోకు. సిలబస్ అంతా కంప్యూటర్లో ఎన్‌వీడీఏతో విను, తెర మీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. చూపులేనివాళ్లు చదవగలిగే పుస్తకాలుండే ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో పేరు నమోదు చేసుకో. పరీక్షలో స్క్రైబు (నువ్వు చెబుతుంటే రాసిపెట్టే మనిషి), గంటకి 20 నిమిషాల అదనపు సమయం నీకు హక్కుగా వస్తాయి, దరఖాస్తులోనే అడగాలి, హాలుకి వెళ్లాక అడిగితే కుదరదు. బ్రెయిలీ రోజుకి అరగంట, లెక్కలకీ స్పెల్లింగులకీ. వినీ వినీ స్పెల్లింగు మర్చిపోతాం, నాకు ఐదేళ్లలో సగం పోయాయి.

నోట్ల మీద బ్రెయిలీ ఉంటుందంటారు, నిజమేనా?

లేదు. ఉబ్బెత్తు గుర్తులు ఉంటాయి. కొత్త వంద మీద త్రిభుజం, ఐదొందల మీద గుండ్రం. అంచుల్లో ఏటవాలు గీతలు వందకి నాలుగు, ఐదొందలకి ఐదు. నోటు కొత్తగా ఉన్నంతసేపు తెలుస్తుంది. కూరగాయల బండి దగ్గర చేతికొచ్చే నోటు మీద ఏమీ మిగలదు, దానికి రిజర్వు బ్యాంకు వాళ్లు 2020లో తెచ్చిన, నోటు ఎంతదో ఫోను చెప్పే మణి యాప్ ఉంది. నేను మాత్రం వందల్ని అడ్డంగా, ఐదొందల్ని నిలువుగా మడిచి పెట్టుకుంటాను.