మేస్త్రీ పని ఆపేస్తే ఇంటి పత్రాలు తాకట్టు పెడతారా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ప్రైవేటు ఉద్యోగం, జీతం 48 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు. అద్దెకిద్దామని మేడమీద 500 చదరపు అడుగుల పోర్షన్ మొదలుపెట్టాను. సామగ్రితో సహా 9 లక్షలకు మేస్త్రీతో మాట్లాడుకుని, ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా తీసి 6.5 లక్షలు చెల్లించాను. శ్లాబు వేశాక అతను రావడం మానేశాడు. మిగతా పనికి మరో మేస్త్రీ 4 లక్షలు అడుగుతున్నాడు. ఇంటి పత్రాలు పెడితే నూటికి 3 రూపాయల వడ్డీకి తెలిసినవారు ఇస్తామంటున్నారు. అద్దె 10 వేలు వస్తుంది కదా, తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. 4 లక్షలకు నెలకు వడ్డీయే 12 వేలు, మీరు ఆశిస్తున్న అద్దె 10 వేలు. పోర్షన్ ఒక్క నెల కూడా ఖాళీగా లేకపోయినా మీ జీతంలోంచి 2 వేలు పోతాయి, అసలులో రూపాయి తగ్గదు. దీనికోసం ఉన్న ఇంటి పత్రాలు ఇంకొకరి బీరువాలో పెడతారా? కాగితం మీద ఒక్కసారి లెక్క వేసుకుని ఉంటే ఆ మనిషి గడప తొక్కాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

మేస్త్రీ ముంచాడని మీరు బాధపడుతున్నారు. అంతకుముందే మరో పొరపాటు జరిగింది. చివరి డిపాజిట్‌ను కూడా ఇసుక, సిమెంటు చేసేశారు. ఇల్లు కట్టేవారిలో ఈ తప్పు నాకు పదేపదే కనిపిస్తోంది, అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. ఆరు నెలల ఖర్చు, అంటే 1.92 లక్షలు, కట్టడానికి సంబంధం లేకుండా పక్కన ఉండాలి. మేస్త్రీ మాయమైనా, ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా ఆదుకునేది అదే. ఈ రోజు మీ దగ్గర ఒక్క నెల ఖర్చుకైనా డబ్బు లేదు. శ్లాబు కంటే నన్ను కలవరపెడుతున్నది ఇదే.

పని ఆపండి. బయటికి కనిపిస్తున్న ఇనుప చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించండి. నెలకు మిగిలే 16 వేలు పూర్తిగా దాస్తే ఏడాదిలో సరిగ్గా ఆ 1.92 లక్షలు చేరతాయి. బంగారు రుణమో, బ్యాంకు గృహ మరమ్మతు రుణమో చౌకే, కానీ ఆ తర్వాతే.

ఇక మేస్త్రీ సంగతి. రోజుకూలి ఇచ్చి ప్రతి పనీ మీరే పురమాయించి ఉంటే, దాన్ని వ్యక్తిగత సేవ అంటారు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దానికి వర్తించదు. మీరు మొత్తం పనికి ధర మాట్లాడుకున్నారు, కూలీలనూ సామగ్రినీ అతనే చూసుకున్నాడు. కనుక అతను స్వతంత్ర కాంట్రాక్టరు. ఇంజనీరు చేత జరిగిన పనికి విలువ కట్టించి, ఫొటోలు, ఫోను చెల్లింపులు, సందేశాలు భద్రపరచి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన మొత్తానికి రుసుము 200 రూపాయలే, గడువు రెండేళ్లు. అద్దెకు కడుతున్నారు కాబట్టి ఇది వ్యాపారమని అతను వాదించవచ్చు, ఆ విషయం న్యాయవాదితో ముందే మాట్లాడండి. చట్టం 3 నుంచి 5 నెలల్లో తేల్చమంటుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. వచ్చే పరిహారాన్ని ఇప్పటి లెక్కలో కలపకండి.

జీతం పడిన రోజే 16 వేలు కదిలేలా ఈ వారమే రికరింగ్ డిపాజిట్ తెరవండి.