ప్రకృతి వైద్యుడు ఏ చికిత్సలు చేస్తారు?

విశాఖలో ఉంటున్న మీరు, మలబద్ధకానికి, మోకాళ్ల నొప్పులకు ప్రకృతి వైద్యుణ్ణి సంప్రదిస్తే ఏమేం చేస్తారని అడిగారు. మొదట మీ ఆహారం, నిద్ర, వాడుతున్న మందుల గురించి వివరంగా తెలుసుకుని, ఆ తరువాతే చికిత్సలు నిర్ణయిస్తారు.

మలబద్ధకానికి ఎక్కువగా సూచించేవి పొట్టపై మట్టిపట్టీ, తొట్టిస్నానం. నేలలో మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి, జల్లించి, రాత్రంతా నానబెట్టి, పల్చని తడిగుడ్డలో పరచి సుమారు 20 నిమిషాలు పొట్టపై ఉంచుతారు. మట్టి తేమను చాలాసేపు పట్టి ఉంచుతుంది కనుకనే ఆ చల్లదనం నిలుస్తుంది. మన బీచ్ ఇసుకకు ఆ గుణం లేదు, దానితో ప్రయత్నించకండి. తొట్టిస్నానంలో నడుము, పొత్తికడుపు మాత్రమే నీటిలో మునుగుతాయి, కాళ్లు బయటే ఉంటాయి. మోకాళ్లకు వేడి, చల్లని కాపడాలు, మర్దన, యోగాసనాలు ఉంటాయి. ఆవిరిస్నానం కూడా చేయిస్తారు గానీ, ఇక్కడి వేసవి ఉక్కలో ముందే ఒళ్లు చెమటతో అలసిపోతుంది కాబట్టి, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడికి చెప్పకుండా అందులో కూర్చోకూడదు.

ఈ వైద్యంలో చేయించే ఉపవాసం విషయంలో నాకు నిజంగా ఆందోళన ఉంది. ఇన్సులిన్ వాడేవారు పర్యవేక్షణ లేకుండా ఉపవాసముంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందులు ఆపమని ఎవరు చెప్పినా, అవి రాసిన వైద్యుణ్ణి అడగకుండా ఆపవద్దు. వెళ్లేముందు ఆ ప్రకృతి వైద్యుడికి బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) పట్టా ఉందో లేదో చూడండి. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు.