ఆ పిల్లల దగ్గరికి వెళ్తే మా అమ్మాయికి అంటుకుంటుందా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తిచేసింది. కెన్యాలోని కిసుముకి వెళ్ళి, హెచ్‌ఐవీ ఉన్న పిల్లల ఆశ్రమంలో నాలుగు వారాలు వాలంటీర్‌గా ఉంటానంటోంది. ఏజెన్సీకి ఫీజు కట్టడానికీ సిద్ధపడింది. మావారు దాంతో మాట్లాడటం మానేశారు. ఆ జబ్బు దీనికి వస్తే? సంబంధాలు చూస్తున్నాం, నలుగురికీ తెలిస్తే? తిరిగొచ్చాక రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ భయం సంగతి. పిల్లల్ని ఎత్తుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ముక్కు తుడిచినా, వాళ్ళని కుట్టిన దోమే మీ అమ్మాయినీ కుట్టినా హెచ్‌ఐవీ రాదు. మందులు వాడని రోగికి గుచ్చిన సూది పొరపాటున ఇంకొకరికి గుచ్చుకున్నా, వైరస్ సోకేది సుమారు వెయ్యింటికి మూడుసార్లే. అసలు సూదుల పని నర్సులది, వాలంటీర్ వాటి జోలికి పోకూడదు. పిల్లాడు పడి మోకాలు చీరుకుంటే గ్లవుజులు వేసుకుని కట్టు కట్టాలి. తన చేతి గాయానికి రక్తం తగిలితే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగాలి. గాయాన్ని పిండటం, స్పిరిట్ పోయడం వద్దు. వెంటనే డాక్టర్‌ని కలవాలి. నివారణ మందు అవసరమంటే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. కిసుములో అది ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో ఇక్కడినుంచే కనుక్కుని వెళ్ళాలి.

మీరు భయపడాల్సింది మలేరియాకి. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, అక్కడ మలేరియా ఎక్కువ. డాక్టర్ రాసిచ్చే నివారణ మాత్రలు తిరిగొచ్చాక కూడా కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు. చాలామంది ఇంటికి రాగానే ఆపేసి జ్వరం తెచ్చుకుంటారు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

ఇక రెండో వైపు. మీ అమ్మాయి నుంచి ఆ పిల్లలకి ఏం సోకుతుందో ఎవరూ అడగరు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకి తట్టు, ఆటలమ్మ, ఫ్లూ, టీబీ ప్రాణం మీదికి తెస్తాయి. ఆటలమ్మ రాకపోయుంటే టీకా, తట్టు టీకా రెండు డోసులు, ఫ్లూ టీకా వేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష కాకుండా విమానం ఎక్కకూడదు. జలుబు చేసిన రోజు పిల్లల గదిలోకి వెళ్ళనే కూడదు.

ఇంత చెప్పినా, ఈ నాలుగు వారాల కార్యక్రమానికి పంపమని మేము చెప్పం. కారణం హెచ్‌ఐవీ కాదు. కెన్యా 2017 నవంబరులోనే కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లల్ని ఆశ్రమాల నుంచి కుటుంబాలకి చేర్చేందుకు 2022లో పదేళ్ళ ప్రణాళిక పెట్టుకుంది. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో అమ్మమ్మో ఉంటారు. ఫీజు కట్టే విదేశీయులు వస్తున్నంతకాలం పిల్లల్ని ఇంటికి పంపాలన్న తొందర కొన్ని ఆశ్రమాలకి ఉండదు. పైగా అయినవాళ్ళు పోయి దిక్కులేని పిల్లకి నెలకొక కొత్త అక్క వచ్చి, ముద్దుచేసి, మాయమైపోతే దాని మనసు ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మీవారి చేత ఏజెన్సీకి ఓ ఉత్తరం రాయించండి. ఆశ్రమం రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఫీజులో పిల్లలకి చేరేదెంత? పిల్లలతో వాలంటీర్‌ని ఒంటరిగా వదులుతారా? ఏ తరహా అనుమతి మీద రమ్మంటున్నారు? (పర్యాటక అనుమతి మీద వచ్చి పనిచేయమంటే అక్కడే ఆగిపోండి.) మీ అమ్మాయిని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగకపోతే ఇంకెవరినీ అడగరనే అర్థం. అలాంటి చోట పిల్లలకి భద్రత లేదు.

సరైన సంస్థ దొరికితే రెండు విషయాల్లో ఆమె చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒకటి, తాము రోజూ వేసుకునే మాత్ర దేనికో చాలామంది చిన్నపిల్లలకి తెలియదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసుకి తగ్గట్టు విడతలుగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెప్పాల్సింది ఇంటివాళ్ళు, వాళ్ళకి తోడుగా శిక్షణ పొందిన సిబ్బంది. ఏడేళ్ళ పిల్ల ‘ఈ మందు నాకెందుకు?’ అని అడిగితే అబద్ధమాడకూడదు, నిజం బయటపెట్టకూడదు. ‘నీకేమనిపిస్తోంది?’ అని అడిగి, ఆ సంగతి నర్సుకి చెప్పాలి. రెండోది ఫొటోలు. హెచ్‌ఐవీ పిల్లల మధ్య నేను అంటూ ఒక్క ఫొటో పెడితే అందులోని ప్రతి పిల్ల జబ్బూ ఊరంతా చాటినట్టే. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ వివరం బయటపెట్టడం కెన్యాలో 2006 చట్టం ప్రకారం నేరం కూడా.

మందులు వేయడం కూడా ఆమె పని కాదు. డోసు బరువుని బట్టి మారుతుంది, తరచూ తప్పితే వైరస్ మందుకి లొంగకుండా పోతుంది. (ఆఫ్రికాలో వాడే ఈ మందుల్లో మన హైదరాబాద్ కంపెనీలు తయారుచేసేవీ ఉన్నాయని మీవారికి చెప్పండి, కాస్త మెత్తబడతారేమో.)

ఎం.ఎస్.డబ్ల్యూ. చదివిన పిల్లకి ఇంతకంటే మంచి దారి ఉంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనే హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంది. దాంతో కలిసి పనిచేసే సంస్థ ఏదైనా ఉందేమో అక్కడే అడిగి, ఓ ఆరు నెలలు ఇళ్ళకి వెళ్ళి పిల్లల మందుల వాడకం, బడి, అమ్మమ్మల కష్టాలు చూడనివ్వండి. ఆ తర్వాత కెన్యా వెళ్తే, ఆశ్రమానికి కాకుండా కుటుంబాలతో పనిచేసే సంస్థకి, కనీసం ఆరు నెలలకి, సిబ్బందికి సాయంగా వెళ్ళమనండి.

రక్తపరీక్ష సంగతి: ఆమెకి చెప్పకుండా చేయించకండి. 2017 నాటి మన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం వ్యక్తి సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు. ప్రమాదమేదీ జరగకపోతే దాని అవసరమూ లేదు. సంబంధం వాళ్ళు అడిగితే ‘పిల్లలతో పనిచేసి వచ్చింది’ అని మామూలుగా చెప్పండి. ఆ మాటకే వెనక్కి తగ్గే ఇంట్లో మీ అమ్మాయి ఇమడలేదు.