విడాకులు కాకముందే బిడ్డకు మనోవర్తి: విశాఖ ఫ్యామిలీ కోర్టు అనుభవం నుంచి కొన్ని విషయాలు

మీరూ మీ వారూ ఏడాదిగా విడివిడిగా ఉంటున్నారని, విడాకుల కేసు ఇంకా ఎవరూ వేయలేదని, ఏడేళ్ల బాబు మీతోపాటు గాజువాకలో మీ పుట్టింట్లో పెరుగుతున్నాడని రాశారు. మీకు చిన్న ఉద్యోగం ఉంది. బాబును చూపించకపోతే పైసా ఇవ్వనని ఆయన అంటున్నారు. బాబు ఖర్చులకు డబ్బు ఎంత వస్తుంది, ఎలా వస్తుంది, మధ్యలో ఆపేస్తే ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను న్యాయవాదిని కాను. మర్రిపాలెంలో ఉంటూ, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, మా అమ్మాయి కోసం విశాఖ ఫ్యామిలీ కోర్టులో మనోవర్తి కేసు నడిపిన తల్లిని. చట్టంలో ఉన్నదాన్నీ, వాయిదాలకు తిరుగుతూ తెలుసుకున్నదాన్నీ కలిపి చెబుతాను.

ముందుగా, విడాకులకూ మనోవర్తికీ ముడి లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద, స్తోమత ఉండి కూడా బిడ్డను పోషించని తండ్రిపై నెలవారీ మొత్తం కోరవచ్చు. ఇది పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్‌కు వారసురాలు. కోర్టులో ఇప్పటికీ చాలామంది ‘125 కేసు’ అనే అంటారు. ఏ మతం వారైనా ఈ దారిలో వెళ్లవచ్చు. హిందువులకు దీనితోపాటు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టంలోని 20వ సెక్షన్ కూడా ఉంది. అది బిడ్డను పోషించే బాధ్యతను తండ్రి మీదా తల్లి మీదా కూడా పెడుతుంది. ఆయన వేరే ఊళ్లో ఉన్నా సరే, మీరు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు.

పిటిషన్ రాయించేటప్పుడు బాబును విడిగా ఒక పిటిషనరుగా చేర్చమనండి. మా కేసులో మొదటి పిటిషనరును నేను, రెండో పిటిషనరు మా అమ్మాయి. దీని విలువ కౌంటరు, అంటే అవతలి వారి రాతపూర్వక జవాబు, వచ్చాక తెలిసింది. సరైన కారణం లేకుండా నేను కాపురం వదిలి వచ్చాననీ, నాకు ఉద్యోగం ఉందనీ అవతలి వారు పేజీల కొద్దీ రాశారు. కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు మనోవర్తి రాదనే నిబంధన చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ అది భార్యకు మాత్రమే వర్తిస్తుంది. తల్లి మీద ఎన్ని ఆరోపణలున్నా బిడ్డ హక్కు చెక్కుచెదరదు. మీ జీతాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. ఇద్దరికీ చాలినంత సంపాదన ఉంటే బిడ్డ ఖర్చును ఆదాయాల నిష్పత్తిలో పంచవచ్చు. అంతే తప్ప, తల్లికి ఉద్యోగం ఉన్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు.

ఎంత వస్తుందన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవారిని నమ్మకండి. జీతంలో 25 శాతం అని చాలామంది చెబుతారు. అది 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్య భరణం గురించి అన్న మాట; బిడ్డల మనోవర్తికి చట్టం ఏ శాతాన్నీ నిర్ణయించలేదు. బిడ్డ అవసరం, తండ్రి స్తోమత, కలిసి ఉన్నప్పటి జీవన స్థాయి, వీటిని బట్టే మొత్తం తేలుతుంది. సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల వివరాలను నిర్ణీత నమూనాలో అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. నా దృష్టిలో కేసు మొత్తానికీ ఆ కాగితాలే ప్రాణం. అఫిడవిట్ నింపే పనిని పూర్తిగా గుమాస్తా చేతికి వదిలేయకండి.

నేను పెద్ద రూళ్ల పుస్తకం ఒకటి తీసుకుని, ఎడమ పేజీలో ఖర్చు రాసి, కుడి పేజీలో రసీదు అతికించాను. టర్మ్ ఫీజు, స్కూలు ఆటో, యూనిఫాం, బూట్లు, ట్యూషన్ వంటివన్నీ అందులో ఎక్కాయి. మా అమ్మాయికి చలికాలం ఆయాసం వస్తుంది కనుక ఇన్‌హేలరు, డాక్టరు ఫీజు చీటీలు కూడా ఉన్నాయి. ఆటో అబ్బాయి రసీదు ఇవ్వడు గనుక ఫోన్‌పేలో చెల్లించి ఆ స్క్రీన్‌షాట్ తీసి అతికించాను. ఇంటి అద్దెలో, కరెంటు బిల్లులో, వంట సరుకుల్లో బిడ్డ వంతు కూడా ఖర్చేనని చాలామందికి తోచదు. పుట్టింట్లో ఉన్నా ఆ తిండి ఎవరో ఒకరు పెడుతున్నదే కదా. అవతలి వారు దాఖలు చేసిన పే స్లిప్‌లో నికర జీతం చాలా తక్కువగా కనిపించింది. బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించమని అడిగితే ఓవర్‌టైం, ఇన్సెంటివ్ వేరే తేదీల్లో పడుతున్నాయని, మేం విడిపోయాక తీసుకున్న అప్పు వాయిదా జీతంలో నుంచి పోతోందని బయటపడింది. ఆ అప్పు వాయిదాను మా కోర్టు లెక్కలోకి తీసుకోలేదు. పని లేదనే వాదన కూడా అంత తేలిగ్గా చెల్లదు. శరీరంలో సత్తువ ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో మరోసారి స్పష్టం చేసింది.

తుది తీర్పు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ప్రధాన పిటిషన్‌తోపాటే మధ్యంతర మనోవర్తి కోసం అర్జీ పెట్టించండి. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందనుకుని సిద్ధపడండి. ఆలస్యమైనా నష్టం కొంత పూడుతుంది, ఎందుకంటే రజనీష్ తీర్పు ప్రకారం అర్జీ పెట్టిన తేదీ నుంచే మనోవర్తిని లెక్కగట్టి ఇప్పించాలి. అందుకే, బంధువుల మాట మీద ఇంకొన్నాళ్లు చూద్దామని కేసును వాయిదా వేసే ప్రతి నెలా బాబు ఖాతాలోంచే పోతుంది.

బంధువుల సంగతి వచ్చింది కనుక ఒక మాట. మా వాళ్లు కూడా విషయాన్ని పెద్దల్లో పెట్టి, కొంత మొత్తం ఒకేసారి తీసుకుని ఇక ఏ హక్కూ అడగనని స్టాంపు కాగితం మీద రాసిమ్మన్నారు. రాజీ మంచిదే, ఫ్యామిలీ కోర్టు కూడా మొదట రాజీకే ప్రయత్నిస్తుంది. అయితే బిడ్డ హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టినా బాబు తరఫున కేసు వేసుకోవచ్చు. పైగా కోర్టు ఉత్తర్వుగా మారని ఒప్పందాన్ని ఆయన తప్పితే అమలు చేయించడం కష్టం. రాజీ కుదిరితే దాన్ని కోర్టు రికార్డులోకి ఎక్కించండి.

ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరో ఎత్తు. ఫలానా తేదీలోపు ఫలానా బ్యాంకు ఖాతాలో జమ చేయాలని ఉత్తర్వులోనే రాయించుకోవడం మేలు. చేతికి నగదు తీసుకుంటే ఇచ్చానని ఆయన, రాలేదని మీరు, ఇక దానికి అంతుండదు. మా అమ్మాయికి రావలసింది మొదట్లో సక్రమంగానే పడింది, తర్వాత నిలిచిపోయింది. అప్పుడు అమలు పిటిషన్ వేశాం. ఇక్కడ గడువు ముఖ్యం: ఏ నెల బకాయి అయినా, అది చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాది లోపు అడిగితేనే 144వ సెక్షన్ కింద ఆ బకాయి వసూలుకు వారెంటు ఇస్తారు. రేపో మాపో వేస్తాడని ఎదురుచూసి పాత నెలలను పోగొట్టుకున్న వారిని కోర్టు వరండాలో చూశాను. వారెంటు ఇచ్చినా చెల్లించకపోతే ఒక్కో నెల బకాయికి నెల రోజుల వరకు జైలు విధించవచ్చు. జైలుకు వెళ్లి వచ్చినా బాకీ తీరదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఉద్యోగస్థుడైతే జీతం జప్తు మార్గం ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే జైల్లో ఉన్న మనిషికి జీతం రాదు. మామూలు అప్పుల డిక్రీల (సివిల్ కోర్టు తీర్పుల) కంటే మనోవర్తి డిక్రీలో జీతం ఎక్కువ భాగం జప్తు చేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మూడో వంతుకే జప్తు నుంచి మినహాయింపు. గృహహింస చట్టం కింద కేసు ఉంటే, నేరుగా మీకే చెల్లించమని ఆయనకు ఉద్యోగమిచ్చిన యజమానిని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది.

ఇక బాబును చూపించడం గురించి. డబ్బు ఇవ్వలేదని చూపించకుండా ఉండటానికి మీకు వీల్లేదు, చూపించలేదని డబ్బు ఆపడానికి ఆయనకూ వీల్లేదు, రెండూ వేర్వేరు. ఆయనకు కలవాలని ఉంటే దానికి విడిగా అర్జీ పెట్టుకోవాలి. మీరు మాత్రం ఆయన బెదిరింపు వాట్సాప్ సందేశాలను చెరపకుండా దాచండి, అదే సమయంలో కలవడానికి వీలైన రోజూ చోటూ సూచిస్తూ మర్యాదగా ఒక సందేశం పంపండి. రేపు బిడ్డను దాచారనే ఆరోపణ వస్తే అది పనికొస్తుంది.

ఖర్చుకు భయపడితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకూ పిల్లలకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే న్యాయవాదిని కేటాయిస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. ఆధార్, పెళ్లి ఫోటో, శుభలేఖ, బాబు జనన ధ్రువపత్రం, బడి రసీదులు, మీ జీతం కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.

144 కింద సాధారణంగా ఈ మొత్తం బాబుకు 18 ఏళ్లు నిండేదాకా వస్తుంది. ఇప్పుడు నిర్ణయమైన అంకె అప్పటిదాకా అలాగే ఉండాలని లేదు. తరగతి పెరిగి ఫీజు పెరిగినా, ఆయన జీతం పెరిగినా అదే సంహితలోని 146వ సెక్షన్ కింద పెంచమని అడగవచ్చు. ఆదాయం నిజంగా పడిపోతే తగ్గించమని ఆయనా అడగవచ్చు. మా అమ్మాయి హైస్కూలుకు వచ్చింది కనుక నేను ఇప్పుడు ఆ పిటిషన్‌కే కాగితాలు కూడబెడుతున్నాను. ఆయన పని చేసే చోటు, జీతం ఎలా పడుతుందో, బాబు నెల ఖర్చు సుమారుగా ఎంతో ఇక్కడ రాస్తే, అఫిడవిట్‌లో ఏది ఏ పట్టికలోకి వస్తుందో చెప్పగలను.