గేర్ ఆయిల్ మార్చబోయే మేనకోడలికి

అమ్మడూ,

కారులో పొద్దున్నే సెకండ్ గేరు పట్టేసినట్టుంటోందనీ, ఆయిల్ నువ్వే మార్చుకుంటాననీ మీ అమ్మ చెప్పింది. తప్పకుండా మార్చుకో. అయితే ఇంజన్ ఆయిల్ మార్చిన అనుభవంతో మాత్రం దిగకు. ఇక్కడ వరస తప్పితే బండి నిలిచిపోతుంది.

ముందు పైన ఆయిల్ పోసే ప్లగ్గు విప్పి చూడు. అది వచ్చాకే కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ ప్లగ్గు మీద చెయ్యి వెయ్యి. సముద్రపు గాలికి మన వైజాగ్‌లో బండి కింద బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. ఉన్న ఆయిలంతా వదిలేశాక పై ప్లగ్గు రాకపోతే కొత్తది ఎలా పోస్తావు? టో చేయించుకుని గ్యారేజీకి పోవాల్సిందే. అందుకని ముందురోజు రాత్రే రెండు ప్లగ్గులకీ తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచు. పానా సరిగ్గా కూర్చుందో లేదో చూసుకునే బలం పెట్టు, లేదంటే ప్లగ్గు తల అరిగిపోతుంది.

ఆయిల్ విషయంలో బండితో ఇచ్చిన పుస్తకం చెప్పిందే వేదం. గ్రేడూ (చిక్కదనం), జీఎల్ నంబరూ (గేర్ ఆయిల్ రకం) రెండూ చూసుకో. జీఎల్-4 అని ఉంటే, షాపువాడు జీఎల్-5 ఇంకా మంచిదని ఎంత చెప్పినా తీసుకోకు. అందులో గంధకం, ఫాస్ఫరస్ కలిపిన మందులు ఎక్కువ. అవి చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ పళ్ళకి మంచివే కానీ, కొన్ని రకాలు గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులని తినేస్తాయి. గేరు గరగరలాడకుండా పడుతోందంటే ఆ రింగుల చలవే. ఆటోమేటిక్ బండి ఆయిల్ సంగతి పూర్తిగా వేరు, ఆ డబ్బా జోలికే పోకు.

నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెస్తే ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది. మరీ వేడి మీద విప్పకు, చెయ్యి కాలుతుంది. మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద ఈ పని వద్దు. బండి సమంగా ఉంటేనే లెవెల్ సరిగ్గా తెలుస్తుంది. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకు తల్లీ, గట్టి స్టాండ్లు నాలుగువైపులా పెట్టు. ఈ ఒక్క మాటా తప్పకుండా విను.

కారిన ఆయిల్‌ని వెంటనే పారబోయకు. నేనైతే ముందు దాన్నే చూస్తాను. డ్రెయిన్ ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే, దానికి అంటుకున్నది వేళ్ళ మధ్య రుద్ది చూడు. బూడిదరంగు ముద్ద కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే, కంగారుపడకు. గోటికి తగిలే ముక్కలొస్తే లోపల పన్నో బేరింగో విరుగుతోందన్నమాట. ఆయిల్ తెల్లగా నురగకట్టి ఉంటే నీళ్ళు చేరాయి. వానల్లో మోకాలిలోతు నీళ్ళలోంచి బండి తోలితే గేర్‌బాక్స్ పైనున్న బ్రీదర్ (గాలి కన్నం) గుండా దిగుతాయవి.

వాషర్ కొత్తది వేసి డ్రెయిన్ ప్లగ్గు బిగించు. తర్వాత పై కన్నం అంచునుంచి ఆయిల్ కారేదాకా నిదానంగా పోసి, కారడం ఆగాక మూసేయి. చిన్న కార్లకి సుమారు రెండు లీటర్లు పడుతుంది. ఇంకాస్త ఉంటే మంచిదని ఎక్కువ పోస్తే సీళ్ళలోంచి కారుతుంది.

ఇంత చేసినా సెకండ్ గేరు అలాగే ఉంటే క్లచ్ పూర్తిగా విడుస్తోందో లేదో చూపించు. సింక్రో అరిగిపోయి ఉంటే కొత్త ఆయిల్ దాన్ని బాగుచెయ్యలేదు.

గేరు రాడ్ మీద చెయ్యి వేసుకుని నడిపే అలవాటుంటే మానెయ్యి, లోపల గేర్లని మార్చే ఫోర్కులు అరుగుతాయి. సింహాచలం కొండ దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చెయ్యకు, సెకండ్‌లోనే దిగు. రివర్స్ వేసేముందు బండి పూర్తిగా ఆగాలి.

పాత ఆయిల్ కాలవలో పోస్తే చివరికి మన సముద్రంలోనే చేరుతుంది. డబ్బాలో పట్టి ఆటోనగర్‌లో ఏదైనా గ్యారేజీకి ఇచ్చెయ్యి. అంతకన్నా ముందు ఆయిల్‌దీ, ప్లగ్గుదీ ఫోటోలు వెలుతురులో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మామయ్య