ఎండుమిరపలో సాల్మొనెల్లా: ఒక ల్యాబ్ లేదంది, ఇంకో ల్యాబ్ ఉందంది. ఎన్ని శాంపిళ్లు తీయాలి?

ప్రశ్న: సార్, మా ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం)లో 22 మంది రైతులం కలిసి 400 టిక్కీల (బస్తాల) తేజ రకం మిరప ఒక ఎగుమతి వ్యాపారికి ఇచ్చాం. ముందుగా ఒక టిక్కీ నుంచి శాంపిల్ తీసి టెస్ట్ చేయిస్తే సాల్మొనెల్లా (తింటే జబ్బు చేసే బ్యాక్టీరియా) లేదని వచ్చింది. వ్యాపారి 30 టిక్కీల నుంచి శాంపిళ్లు తీయించి, ఉందని రిపోర్టు చూపిస్తున్నాడు. సరుకు వెనక్కి పంపుతానంటున్నాడు. తప్పు ఏ ల్యాబ్‌ది? అసలు ఎన్ని శాంపిళ్లు తీయాలి? మళ్లీ టెస్ట్ చేయించి నెగటివ్ వస్తే అమ్ముకోవచ్చా?
– ఎఫ్‌పీఓ సభ్యుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. రెండు ల్యాబ్‌లూ సరిగ్గానే చేసి ఉండొచ్చు. మీ రిపోర్టు మరోసారి చదవండి. ‘25 గ్రాములలో లేదు’ అని ఉంటుంది. అది ల్యాబ్‌కు చేరిన ఆ 25 గ్రాముల గురించి చెప్పిన మాట. మిగతా 399 టిక్కీల సంగతి ఆ కాగితానికి తెలియదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, ఎందుకంటే గిన్నె అంతటా వేడి ఒకేలా తగులుతుంది. సాల్మొనెల్లా అలా పరుచుకోదు. కళ్లంలో ఒక మూల పిట్ట రెట్ట పడుతుంది, ఇంకో మూల కుక్క తిరుగుతుంది, ఒకరి ఇంట్లో కోళ్లు కాయల మీదికి వస్తాయి. ఆ కాయలు ఏ టిక్కీలోకి వెళ్లాయో పైకి ఏమీ కనిపించదు. రంగు, తేమ చూసినట్టు ఒక గుప్పెడు తీసి దీన్ని తేల్చలేం.

లెక్క వేసి చూద్దాం. మీ 400లో 40 టిక్కీలు, అంటే 10 శాతం, చెడ్డవనుకోండి. ఒక్క టిక్కీ చూస్తే 100కి 90 సార్లు ‘లేదు’ అనే వస్తుంది. 5 టిక్కీలు చూసినా 59 సార్లు తప్పించుకుంటుంది. 30 చూస్తే 4 సార్లే. 60 చూస్తే వెయ్యిసార్లలో రెండుసార్లకు మించి తప్పించుకోదు. కానీ చెడ్డవి 8 టిక్కీలే ఉంటే? 30 శాంపిళ్లు తీసినా సగానికి పైగా సార్లు దొరకదు. 60 తీసినా నాలుగోవంతుకు పైనే దొరకదు. పైగా చెడ్డ టిక్కీలో ఎక్కడ తీసినా క్రిమి చిక్కుతుందని అనుకుని వేసిన లెక్క ఇది. నిజంగా ఒకే టిక్కీలో కూడా ఒక పక్క ఉండి మరో పక్క ఉండకపోవచ్చు.

గుర్తుండే సూత్రం ఒకటి చెబుతాను. ఎంత శాతం చెడు ఉంటే పట్టుకోవాలనుకుంటున్నారో ఆ అంకెతో 300ను భాగించండి. 5 శాతానికి 60 శాంపిళ్లు, 1 శాతానికి 300. అన్ని శాంపిళ్లూ తీస్తే 100కి 95 సార్లు దొరుకుతుంది. చాలామంది రైతులు ‘బస్తాల్లో పదో వంతు చూస్తే చాలదా’ అని అడుగుతారు. చాలదు, కొన్నిచోట్ల అనవసరం కూడా. సరుకు 400 టిక్కీలైనా 4,000 టిక్కీలైనా, నమ్మకం తీసిన శాంపిళ్ల సంఖ్యను బట్టే వస్తుంది.

ఐసీఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం సాల్మొనెల్లాకు 5 నుంచి 60 శాంపిళ్ల దాకా ప్రణాళికలు ఇచ్చింది. తినబోయేది ఎవరు, తినే ముందు వండుతారా అన్న దాన్ని బట్టి సంఖ్య పెరుగుతుంది. అన్నిట్లోనూ నిబంధన ఒకటే: ఒక్క శాంపిల్‌లో కనిపించినా ఆ లాట్, అంటే ఒకటిగా లెక్కగట్టిన ఆ సరుకు మొత్తం, పనికిరాదు. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మసాలా దినుసులకు 30 శాంపిళ్లు తీస్తుంది. మీ వ్యాపారి 30 తీయించింది బహుశా అందుకే. కారం వండుకునే తింటాం కదా అనుకోవద్దు. జామకాయ ముక్కల మీద చల్లుకునే కారాన్ని ఎవరు వండుతారు? 2009–10లో అమెరికాలో మిరియాలు, ఎండుమిరప అద్దిన సలామీ మాంసం తిని 44 రాష్ట్రాల్లో 272 మంది జబ్బుపడ్డట్టు తేలింది.

60 శాంపిళ్లంటే 60 టెస్టుల ఖర్చు కాదు. ఒక్కోటి 25 గ్రాముల చొప్పున 15 శాంపిళ్లు కలిపి 375 గ్రాములు ఒకే టెస్టుగా చేస్తారు. 30కి రెండు టెస్టులు, 60కి నాలుగు. అయితే అంత పరిమాణానికి తమ పద్ధతి సరిపోతుందని ల్యాబ్ ముందే నిర్ధారించుకుని ఉండాలి. అది అడిగి తెలుసుకోండి.

శాంపిల్ తీసేటప్పుడు పై వరసలో చేతికందిన టిక్కీలు కాకుండా, నంబర్లు వేసి చీటీలు తీయండి. కుట్లు విప్పి మధ్యలోంచి 100 గ్రాముల దాకా తీయాలి. ప్రతి టిక్కీకి కొత్త గ్లౌజులు, విడి స్టెరైల్ (క్రిములు లేని) కవర్ ఉండాలి. చేతికున్న మురికి అంటితే మంచి సరుకూ పాజిటివ్ అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం లాట్. 22 మంది సరుకు కలిపి ఒకే లాట్ చేస్తే ఒక్క కళ్లం తప్పుకు అందరూ నష్టపోతారు. రైతు కోడ్, కళ్లం కోడ్ టిక్కీ మీద రాయండి. అలాగని 60 శాంపిళ్లను 22 మందికీ విడగొడితే ఒక్కో రైతు సరుకుకు రెండు మూడే వస్తాయి, వాటితో ‘ఇతని సరుకు బాగుంది’ అని చెప్పలేం. అందుకే ఒకే కళ్లంలో, ఒకే తరహాలో ఆరినవాటిని నాలుగైదు లాట్లుగా చేసుకుని, ప్రతి లాట్‌కూ 30 తీయమంటాను.

టెస్టు క్రిమిని చంపదు. ఎండా చంపదు, కోల్డ్ స్టోరేజీ అసలే చంపదు. పొడి సరుకులో సాల్మొనెల్లా నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి ఖర్చు ముందు కళ్లం మీద పెట్టండి: మట్టి మీద కాకుండా శుభ్రమైన టార్పాలిన్ మీద ఆరబెట్టడం, పక్షులు రాకుండా వల, రాత్రి కప్పడం, కూలీలకు సబ్బు, నీళ్లు. టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు ఉందే, దాన్ని మానేయండి. చెరువు నీళ్లు చల్లితే క్రిమినీ తేమనీ కలిపి లోపల పెట్టి కుట్టినట్టే.

ఇక మీ చివరి ప్రశ్న. మళ్లీ టెస్ట్ చేయించి నెగటివ్ వచ్చినా మొదటి పాజిటివ్ రద్దు కాదు. పై లెక్క ప్రకారం చెడ్డ లాట్ రెండోసారి తప్పించుకోవడం చాలా తేలిక. ఆ కాగితంతో అమ్మకండి. ఆ 400 టిక్కీలు విడిగా ఉంచండి. ఊళ్లో మరపట్టించవద్దు, కారం చేస్తే కొన్ని టిక్కీల్లోది మొత్తం పొడికి, మిషన్‌కు అంటుతుంది. ఆవిరితో స్టెరిలైజ్ చేసే (క్రిములను చంపే) ప్రాసెసర్‌కు రిపోర్టు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వండి. ధర కొంత తగ్గుతుంది. శుద్ధి అయ్యాక కొత్త ప్యాకింగ్‌లో శాంపిళ్లు తీసి చేసే టెస్టే ఆ సరుకుకు చెల్లుతుంది.